విజయనగరం కోట: వంశక్రమం, హక్కుల పరిణామం

జంషెడ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న గోవింద్‌పూర్‌లో కూర్చొని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసినది మొదలు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగు కుటుంబాలు అనేకం ఈ గడ్డకు తరలివచ్చి స్థిరపడ్డాయి. ఈ ప్రాంతంలోనే సరైకెలా రాజప్రాసాదం ఉంది. ఛావ్ నృత్యాన్ని పోషించిన సింగ్‌దేవ్ వంశీయుల ఆ చిన్న సంస్థానం 1948లో బీహారులో విలీనమైంది. ఆ ప్రాసాదాన్ని చూసి వచ్చిన తెలుగువారి మధ్య మాట మాట కలిసినప్పుడు “మన విజయనగరం కోట ఇప్పుడు ఎవరిది?” అన్న ప్రశ్న తలెత్తడం సహజం. ఒక్క మాటలో చెప్పదగిన జవాబు ఈ ప్రశ్నకు లేదు. జవాబు వెదకుతూ పోతే మూడు వందల ఏళ్ళ వంశచరిత్ర, రెండు ప్రసిద్ధమైన దత్తతలు, ఒక దానపత్రం, ఒక హైకోర్టు తీర్పు ఎదురవుతాయి.

ఇంగ్లండు దేశంలో కోటల వంశచరిత్రలు వ్రాయడం ఒక ప్రత్యేక విద్య. ససెక్స్ సీమలోని అరండెల్ కోటనే తీసుకుందాం. అది శతాబ్దాలపాటు ఫిట్జెలన్ వంశీయులైన అరండెల్ ప్రభువుల అధీనంలో ఉండేది. ఆ వంశపు చివరి ప్రభువు 1580లో పురుషసంతానం లేకుండా గతించగా, ఆయన కుమార్తె మేరీకి నార్ఫక్ డ్యూకు వలన కలిగిన కుమారుడు ఫిలిప్ హోవర్డుకు కోట సంక్రమించింది. నేటికీ హోవర్డు వంశీయులైన డ్యూకుల నివాసం అదే. అయితే కోట నిర్వహణ మాత్రం ఒక ధర్మసంస్థ చేతిలో ఉంది. వంశం మారినా కోట నిలిచింది. యాజమాన్యం మారినా వంశం నిలిచింది. విజయనగరం కోట విషయంలోనూ ఇటువంటి పరిణామమే జరిగింది. కాని అక్కడ తెగిన గొలుసును ఒక ఆడపడుచు అతికించింది. ఇక్కడ ఆ పని చేసింది దత్తత. ఈ భేదం చిన్నదిగా కనిపించినా దాని ఫలితాలు ఇరవైయొకటవ శతాబ్దపు న్యాయస్థానం వరకు వచ్చాయి.

పూసపాటివారు తమను సూర్యవంశ క్షత్రియులుగా చెప్పుకుంటారు. వంశానికి ఇంటిపేరు కృష్ణాతీర ప్రాంతంలోని పూసపాడు గ్రామం నుండి వచ్చింది. బెజవాడనేలిన మాధవవర్మ తమ మూలపురుషుడని వంశచరిత్రలు ఘోషిస్తాయి. ఈ భాగాన్ని చరిత్రగా కాక వంశగౌరవపు కథనంగా గ్రహించడం మంచిది. రాజవంశాలు స్థిరపడిన తరువాతనే వంశవృక్షాలు సూర్యచంద్రుల దాకా ఎదగడం మన దేశంలోనే కాదు, అన్ని దేశాలలోనూ చూస్తాము.

చరిత్రకు అందే ఘట్టం పదిహేడవ శతాబ్దపు నడిమిది. గోలకొండ సుల్తానుల తరఫున శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాను వెంట 1652 ప్రాంతంలో పూసపాటి మాధవవర్మ ఉత్తరాంధ్రకు వచ్చాడు. ఆయనకు కుమిలి, గండ్రేడు ప్రాంతాలు లభించాయి. విచిత్రమేమంటే బొబ్బిలి సంస్థానానికి మూలపురుషుడైన వెలమ వీరుడు కూడ వెంకటగిరి సీమనుండి ఆ ఫౌజుదారు వెంటనే వచ్చినట్లు చెబుతారు. ఒకే యజమాని కొలువులో ఇంచుమించు ఒకే కాలాన ఈ సీమకు చేరిన రెండు కుటుంబాలు నూరేళ్ళు గడిచేసరికి ఒకదానినొకటి తుడిచిపెట్టే స్థితికి వచ్చాయి. పూసపాటి ప్రభువుల పేర్లకు ముందు, వెనుక కనిపించే ‘మీర్జా’, ‘మన్య సుల్తాన్ బహద్దర్’ బిరుదులు ఆ కాలపు స్మృతులే. మొదటిది ముస్లిం ప్రభువుల కొలువును, రెండవది కొండసీమపై పెత్తనాన్ని సూచిస్తున్నాయి. సూర్యవంశ క్షత్రియుని పేరులో పారశీక, తురుష్క పదాలు ఇంత సహజంగా ఒదిగిపోవడం ఆనాటి రాజకీయ సంస్కృతికి అద్దం పడుతుంది.

కోటకు పూర్వం ఈ వంశీయుల ముఖ్యస్థానం పొట్నూరు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో జయస్తంభం నాటిన చోటు అదే. విశాఖపట్నం జిల్లా గెజిటీరును 1907లో కూర్చిన ఫ్రాన్సిస్ దొర కథనం ప్రకారం 1710లో అధికారానికి వచ్చిన పెద విజయరామరాజు రెండేళ్ళకు రాజధానిని పొట్నూరునుండి మార్చి, కొత్త ఊరికి తన పేరు పెట్టుకొని, అక్కడ కోట కట్టడానికి పూనుకొన్నాడు. స్థానిక సంప్రదాయం కోట శంకుస్థాపనను 1713లో జరిగినట్లు చెబుతుంది. ఒక ముస్లిం ఫకీరు స్థలాన్ని చూపించాడనీ, విజయనామ సంవత్సరంలో విజయదశమినాడు విజయరామరాజు పేర విజయనగరానికి పునాది పడిందనీ పెద్దలు ఎన్ని విజయాలు వీలైతే అన్నీ లెక్కపెడతారు. అరవై ఏళ్ళ చక్రాన్ని గుణించి చూస్తే 1713–14 విజయనామ సంవత్సరమే అవుతుంది. అంతవరకు సంప్రదాయానికి పంచాంగం సాక్ష్యమిస్తున్నది. మిగిలినది నమ్మకానికి విడిచిపెడదాం.

కోట చతురస్రాకారంలో ఉంది. నాలుగు మూలలా నాలుగు బురుజులు, ఎత్తైన రాతిగోడలు. తూర్పున నగారాఖానాతో కూడిన సింహద్వారం, పడమట రాజుల సమాధులవైపుకు దారితీసే మరొక ద్వారం. చుట్టూ ఒకప్పుడు కందకం ఉండేది. గోలకొండతోనో, కొండపల్లితోనో పోల్చదగిన గిరిదుర్గం కాదిది. సమతలంమీద, ఊరినడుమ ఉన్న నివాసదుర్గం. అందువల్లనే యుద్ధకాలం గడచిపోయిన తరువాత కూడ అది పాడుపడలేదు. కచేరీగా, కొలువుకూటంగా, చివరికి విద్యాలయంగా ఎప్పటికప్పుడు దానికొక ప్రయోజనం దొరుకుతూ వచ్చింది.

బొబ్బిలి యుద్ధం గురించి తెలుగు పాఠకులకు వివరించనవసరం లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో కలిసి పెద విజయరామరాజు బొబ్బిలిని నాశనం చేయడం, కొద్ది రాత్రులలోనే తాండ్ర పాపారాయుడు గుడారంలో ప్రవేశించి ఆయనను సంహరించడం బుర్రకథలద్వారా అందరికీ తెలిసినవే. మన ప్రస్తుతాంశానికి కావలసినది ఆ కథకు మరో కొస. బొబ్బిలిలో కోట కూలింది గాని, పసివాడొకడు బ్రతికి బయటపడడంతో వంశం నిలిచింది. విజయనగరంలో కోటకు దెబ్బ తగలలేదు. దానిలో కూర్చోవలసిన వారసుడు మాత్రం లేడు. విజేత ఇంట మిగిలిన ఈ లోటును చారిత్రకులు సాధారణంగా పట్టించుకోరు.

గతించిన రాజుకు జ్ఞాతియైన ఆనందరాజు గద్దెనెక్కాడు. బుస్సీ తనకు న్యాయం చేయలేదన్న కోపంతో ఆయన ఫ్రెంచివారి చేతిలో ఉన్న విశాఖపట్నాన్ని పట్టుకొని, దానిని ఆంగ్లేయులకు అప్పగిస్తానని కలకత్తాకు కబురంపాడు. క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు సైన్యంతో కలిసి 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించడంలోనూ, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకోవడంలోనూ పాల్గొన్నాడు. ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల పాలుకావడానికి దారివేసిన సంఘటనలివి. అంతటి పని చేసిన ఆనందరాజు మచిలీపట్నంనుండి తిరిగివచ్చే దారిలోనే మశూచి సోకి మరణించాడు.

ఇక్కడ మొదటి దత్తత వస్తుంది. పెద విజయరామరాజు వితంతువు దగ్గర జ్ఞాతులలో రామభద్రరాజు కుమారుడైన పన్నెండేళ్ళ వెంకటపతిరాజును దత్తత చేసుకొని, అతనికి భర్త పేరే పెట్టింది. ఇతడే చరిత్రలో చిన విజయరామరాజు. అయితే ఆ బాలునికి సవతితల్లి కొడుకైన అన్న ఒకడున్నాడు, సీతారామరాజు. వయస్సులో పెద్దవాడు, కార్యదక్షుడు, యుద్ధవిద్యలో ఆరితేరినవాడు. అతనిని కాదని తమ్ముని దత్తత చేసుకోవడంలో ఆ రాణి ఆలోచన ఏమైనా కావచ్చు. ఫలితం మాత్రం తేటతెల్లం. పట్టం తమ్మునిది, పెత్తనం అన్నది అయింది. పేరుకు దివానుగా ఉంటూ సీతారామరాజు చుట్టుపక్కల జమీలను ఒక్కొక్కటిగా లోబరచుకొన్నాడు. తమ్ముడు పెద్దవాడై అధికారం తనకు కావాలన్నప్పుడు పోరు మొదలైంది. 1778లో మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు రాజా అభ్యంతరాన్ని త్రోసిపుచ్చి సీతారామరాజునే దివానుగా నిలబెట్టాడు. ఆ గవర్నరు నడవడిని గురించి తరువాత బ్రిటిష్ పార్లమెంటులోనే విచారణ జరిగింది. కోటలోని అన్నదమ్ముల తగవు లండను సభల దాకా వెళ్ళిన విధమిది. చివరకు 1793లో కుంఫిణీవారు సీతారామరాజును మద్రాసుకు తరలించారు.

అన్న తొలగిపోయాడు గనుక తమ్మునికి సుఖం కలగాలి. జరిగింది వేరు. సుమారు ఎనిమిదిన్నర లక్షల రూపాయల పేష్కషు బకాయి పేరిట కుంఫిణీ జమీని స్వాధీనం చేసుకొని, నెలసరి భత్యం పుచ్చుకొని మచిలీపట్నంలో ఉండవలసిందని చిన విజయరామరాజును ఆదేశించింది. ఆయన దక్షిణానికి పోవడానికి ఇష్టపడక పద్మనాభం చేరి నిలిచిపోయాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్టు నాయకత్వంలోని సేన అక్కడికి వచ్చింది. యుద్ధం గంటసేపైనా సాగలేదు. రాజు తన ముఖ్య సర్దారులతో సహా నేలకొరిగాడు. పూసపాటి వంశ చరిత్రలో రాజు యుద్ధభూమిలో మరణించిన ఘట్టం ఇదే. ముప్పైయైదేళ్ళ క్రితం ఆంగ్లేయులను ఈ సీమకు పిలిచిన వంశమే వారి తుపాకులకు ఎదురునిలవవలసి వచ్చింది.

మనం వెదకుతున్న యాజమాన్యపు ప్రశ్నకు నిజమైన మలుపు పద్మనాభమే. అంతవరకు కోట రాజుది, ఎందుకంటే అతని కత్తి దానిని కాపాడుతుంది. ఆ తరువాత కోట రాజుది, ఎందుకంటే కుంఫిణీ వ్రాసిచ్చిన కాగితం అలా చెబుతుంది. చనిపోయిన రాజు కుమారుడు నారాయణబాబు అప్పటికి బాలుడు. అతనిని అనుచరులు కొండసీమకు, మక్కువ ప్రాంతానికి తీసుకొనిపోగా మన్యపు జమీందారులు అండగా నిలిచారు. వారి అలజడికి జంకిన కుంఫిణీ 1796లో బాలునితో ఒడంబడిక కుదుర్చుకొని జమీని తిరిగి ఇచ్చింది. కాని ఇచ్చినది మునుపటి రాజ్యం కాదు. సీతారామరాజు మ్రింగిన సంస్థానాలు పూర్వపు యజమానులకు పోయాయి. బొబ్బిలి కూడ అలాగే విడివడింది. 1802లో శాశ్వత పైసలా అమలైనప్పుడు విజయనగరానికి 24 పరగణాలు, 1157 గ్రామాలు లెక్కతేలాయి. ఏటా చెల్లించవలసిన పేష్కషు 5 లక్షల రూపాయలుగా స్థిరపడింది. కత్తిమీద ఆధారపడిన హక్కు ఆనాటినుండి కిస్తుమీద ఆధారపడిన హక్కుగా మారింది. సకాలంలో సొమ్ము కడితే కోట ఉంటుంది, కట్టకపోతే వేలానికి వస్తుంది. సర్కారు జిల్లాలలో ఎన్నో పాత జమీలు ఇలా వేలంలో పోయిన కాలంలో విజయనగరం నిలవడం చెప్పుకోదగ్గ విషయమే.

అయినా నారాయణబాబు కాలంలో అప్పులు పెరిగి జమీ కలెక్టరు యాజమాన్యం క్రిందికి పోయింది. ఆయన కాశీవాసం చేసి 1845లో అక్కడే కాలధర్మం చెందాడు. పూసపాటివారికి కాశీతో సంబంధం ఇలా బలపడింది. ఆ తరువాత వచ్చిన మూడవ విజయరామగజపతి (1845–1879) ఋణాలు తీరిన జమీని చేతబట్టి, వైస్రాయి శాసనసభలో సభ్యుడై, మహారాజ బిరుదం పొందాడు. ఆయన 1857లో నెలకొల్పిన పాఠశాలే 1879లో మహారాజా కళాశాల అయింది. అలహాబాదు మ్యూర్ కళాశాలలో విజయనగరం హాలుకు ఆ పేరు వచ్చింది కూడ ఈ వంశం చేసిన దానంవల్లనే. కోటలోపల మోతీమహలు 1869లో ఆయన హయాములోనే వెలసింది. తదుపరి కాలంలో ఆ భవనం శిథిలమై కూల్చివేతకు గురికాగా, అది కూడ వంశీయుల మధ్య నిష్ఠురాలకు కారణమైంది.

ఆయన కుమారుడు ఆనందగజపతి (1850–1897) పేరు వినగానే సాహిత్యాభిమానులకు గురజాడ అప్పారావు జ్ఞప్తికి వస్తారు. గురజాడ ఆ సంస్థానంలో శాసన పరిశోధకుడు. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమైనప్పుడు ఆనందగజపతికే అంకితమైంది. మాక్స్‌ముల్లర్ సాయణభాష్య సహితంగా ప్రకటించిన ఋగ్వేద ద్వితీయ ముద్రణ 1890–92లో వెలువడడానికి ధనసహాయం చేసినది కూడ ఈ ప్రభువే. కన్యాశుల్కపు లుబ్ధావధానులు, ఋగ్వేదపు సాయణాచార్యులు ఇంచుమించు ఒకే ఖజానానుండి ఖర్చు వ్రాయించుకొన్నారన్న మాట! ఆ ఖజానా నిండినది పదకొండు వందల పైచిలుకు గ్రామాల రైతుల శిస్తుతోనే అన్నది కూడ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

‘కన్యాశుల్కం’ అచ్చయిన ఏడాదే ఆనందగజపతి సంతానం లేకుండా మరణించాడు. రెండవ దత్తత అప్పుడు జరిగింది. తల్లి మహారాణి దగ్గరి బంధువులలో ఒక బాలుని దత్తత తీసుకొంది. 1883లో పుట్టిన ఆ బాలుడే నాల్గవ విజయరామగజపతి. తల్లి చేసిన ఈ దత్తత చెల్లదని దాయాదులు న్యాయస్థానానికి ఎక్కారు. ఆనందగజపతి సోదరి, రీవా మహారాణి అయిన అప్పలకొండమాంబ దత్తత పక్షాన నిలిచి వ్యవహారమంతా నడిపించింది. ఆమెకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసినది గురజాడ అప్పారావే. తెలుగు నాటకంలో వకీళ్ళ ధోరణినీ, దొంగసాక్ష్యాల మర్మాన్నీ అంత చక్కగా చిత్రించిన రచయిత, నిజజీవితంలో ఏళ్ళతరబడి ఒక మహావ్యాజ్యపు కాగితాల మధ్య గడపవలసివచ్చింది. ‘కన్యాశుల్కం’ 1909 నాటి రెండవ కూర్పులో కోర్టు వ్యవహారాలు అంత దట్టంగా అల్లుకొనడానికి ఈ అనుభవం తోడ్పడి ఉండవచ్చునని నా ఊహ. చివరకు ఆ వ్యాజ్యం రాజీతో ముగిసింది.

ఈ రెండు దత్తతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. రెండుసార్లూ గద్దె ఖాళీ అయినప్పుడు దానిని నింపినది స్త్రీయే. మొదటిసారి మరణించిన రాజు భార్య, రెండవసారి తల్లి. రెండవ దత్తతను నిలబెట్టినదీ ఆడపడుచే. కాని వారిలో ఎవరూ తామై గద్దెనెక్కలేదు. ఎక్కదగినవాడిని ఎంచి కూర్చోబెట్టారు. హిందూ ధర్మశాస్త్రపు దత్తవిధానంలో ఒకసారి దత్తుడైన బాలునికి ఔరస పుత్రునితో సమానమైన వంశహక్కు వస్తుంది. కనుక పూసపాటి వంశక్రమం తెగలేదని చెప్పడం శాస్త్రరీత్యా సత్యమే. రక్తాన్నే ప్రమాణంగా తీసుకొనే అరండెల్ ఆచారంతో చూస్తే మాత్రం రెండుసార్లు తెగిందని చెప్పాలి. ఎవరి వంశవృక్షాన్ని ఎవరి కొలబద్దతో కొలవాలన్నది చరిత్రకారుడు ముందే తేల్చుకోవలసిన విషయం.

నాల్గవ విజయరామగజపతి 1922లో గతించాడు. సంగీత కళాశాలను 1919లో స్థాపించి దానికి ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షునిగా నియమించినది ఆయనే. పెద్దకుమారుడు అలక నారాయణ గజపతి (1902–1937) జమీకి వచ్చాడు. రెండవ కుమారుడు విజయానంద గజపతి కాశీలో స్థిరపడి, ‘విజ్జీ’గా ప్రసిద్ధుడై, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించాడు. అలక నారాయణ గజపతి అకాలమరణంతో పదమూడేళ్ళ పూసపాటి విజయరామ గజపతిరాజు వారసుడైనాడు. లోకం ఆయనను పి.వి.జి. రాజుగానే ఎరుగును.

1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలకు చరమగీతం పాడింది. గ్రామాలు, వాటి శిస్తు ప్రభుత్వానికి పోయాయి. నివాస భవనాల వంటివి యజమానులకే మిగిలాయి. అంటే 1802లో 1157 గ్రామాలతో పాటు కాగితంమీద నమోదైన హక్కులో చివరకు మిగిలింది కోట. రాజ్యం లేని కోటను ఏమి చేయాలి? దేశంలో చాలామంది దీనికి విక్రయమో, వసతిగృహమో జవాబుగా ఎంచుకొన్నారు. పి.వి.జి. రాజు దారి వేరు. లోహియా భావాలకు ఆకర్షితుడై సోషలిస్టు పార్టీలో పనిచేసి, 1957లో విశాఖపట్నంనుండి లోక్‌సభకు ఎన్నికైనవాడాయన. 1958లో తండ్రి పేరిట మహారాజా అలక నారాయణ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్ అనే ధర్మసంస్థను ఏర్పరచి, కోటను, విద్యాసంస్థలను, వేలాది ఎకరాల భూమిని దానికి సమర్పించాడు. మాన్సాస్ అనే పొట్టిపేరుతో దానిని ఎరుగనివారు ఉత్తరాంధ్రలో లేరు. కోరుకొండలోని రాజభవనాన్ని, విశాలమైన ఆవరణతో సహా, సైనిక పాఠశాలకు ఇచ్చారు. అది 1962లో ప్రారంభమైంది. కోటలో మహిళా కళాశాల, స్నాతకోత్తర కళాశాల వెలిశాయి. ఒకప్పుడు అంతఃపురం వెలుపలికి రాని స్త్రీలున్న ఆవరణలోకి ఊరి ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని నడిచివచ్చారు.

దానపత్రంలో ఒక నిబంధన మాత్రం పాతకాలపు వాసనను వదలలేదు. సంస్థ అధ్యక్షపదవి వంశంలోని పెద్ద పురుష వారసునికే చెందాలన్నది ఆ నిబంధన. ఆస్తిమీద వంశానికి హక్కు లేదు. ఆస్తిని నడిపించే కుర్చీమీద ఉంది. 1995లో పి.వి.జి. రాజు మరణించగా పెద్దకుమారుడు ఆనంద గజపతిరాజు అధ్యక్షుడైనాడు. ఆయన రాష్ట్ర మంత్రిగా, లోక్‌సభ సభ్యునిగా కూడ పనిచేశాడు. 2016 మార్చిలో ఆయన గతించిన తరువాత తమ్ముడు, అప్పటి కేంద్ర పౌర విమానయాన మంత్రి అశోక గజపతిరాజు ఆ స్థానానికి వచ్చారు. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను అధ్యక్షురాలిగా నియమించింది. వంశపారంపర్య ధర్మకర్తృత్వంలో ఉన్న సింహాచలం దేవస్థానం అధ్యక్షత కూడ ఆమెకే దక్కింది. వ్యవహారం ఉన్నత న్యాయస్థానానికి చేరింది. 2021 జూన్ 14న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నియామకాలను రద్దుచేసి అశోక గజపతిరాజును పునఃప్రతిష్ఠించింది. 2025 జూలైలో ఆయన గోవా గవర్నరు అయినారు.

ఈ వివాదంలోని రాజకీయాల జోలికి పోవడం ఈ వ్యాసానికి అవసరం లేదు. చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించేది దాని ఆకృతి. కూతురికి కుర్చీ దక్కవచ్చునా అన్న ప్రశ్న పూసపాటివారి కోటలో బహిరంగంగా లేవడం ఇదే మొదటిసారి. అంతకుముందు రాణులు వారసుని ఎన్నుకొన్నారు గాని వారసులు కాలేదు. 1580లో ఇంగ్లండులోని ఒక కోట ఆడపడుచు సంతానానికి సంక్రమించినప్పుడు అడ్డురాని నియమం, ఇక్కడ 1958లో ఒక సామ్యవాది వ్రాయించిన పత్రంలో కనిపించడం ఆశ్చర్యకరం. అయితే న్యాయస్థానం పని దాత ఉద్దేశాన్ని అమలుపరచడం, దానిని దిద్దడం కాదు. అరండెల్‌తో పోలికకు కూడ ఒక హద్దు ఉంది. అక్కడ సంక్రమించినది ఆస్తి. ఇక్కడ తగవు పడినది ఆస్తి గురించి కాదు, బాధ్యత గురించి. కోట ఎవరిదన్న ప్రశ్నకు చట్టపరమైన జవాబు 1958లోనే వచ్చింది: అది ధర్మసంస్థది. ఆ ధర్మానికి కర్త ఎవరన్నదే తేలవలసి వచ్చింది.

పత్రాలకు అందని హక్కు ఇంకొకటి ఉంది. బొబ్బిలిలో అన్న మరణించాడన్న వార్త విని పెద్దచెరువులో లీనమైందని చెప్పుకొనే పైడితల్లి, జనశ్రుతిలో పెద విజయరామరాజు చెల్లెలు. విజయదశమి వెళ్ళిన మంగళవారం ఆమె సిరిమానోత్సవం జరుగుతుంది. పూజారి సిరిమాను కొసన కూర్చొని గుడికీ కోటకూ నడుమ మూడుమార్లు తిరుగుతాడు. చెల్లెలు పుట్టింటికి వచ్చి అన్న కోటను చూసిపోతుందని ఊరి నమ్మకం. ఆ వేళకు పూసపాటి వంశీయులు కోట బురుజుమీద కూర్చొని ఆ ఊరేగింపును చూస్తారు. కోట దస్తావేజులో ఆ బురుజుకు ప్రత్యేకమైన హక్కుదారు ఎవరూ లేరు. అయినా ఆ రోజున అక్కడ ఎవరు కూర్చోవాలో లక్షలాది జనంలో ఎవరినీ అడగనవసరం లేదు. సెలవులు ముగిసి కళాశాల తెరిచినప్పుడు ఆ బురుజు క్రిందుగా, అదే కోట ద్వారం గుండా విద్యార్థినులు తమ తరగతులకు వెళతారు.